అడుగు పచ్చి, అంచు మాడు

మేమిద్దరం తోడికోడళ్ళం. ముప్పై నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాము. ఈ మాట చెప్పగానే ఎదుటివారు మా మొహాలవంక ఒకసారి తేరిపార చూస్తారు, ఎక్కడైనా గాట్లు కనిపిస్తాయేమోనని. అటువంటివేమీ లేవు. ఈ నాలుగు ముక్కలు కూడా కలిసే రాస్తున్నాము. ఒకరు చెబుతూంటే ఒకరు రాస్తున్నారు. రాసేవారు చెప్పేవారి మాటల్లో సగం కొట్టేస్తున్నారు. అందుచేత ఇందులో తప్పులుంటే అవి ఎవరివని మాత్రం అడగవద్దు.

విషయం చాలా చిన్నది. ఊరగాయ జాడీలు చేసే మట్టి ఉన్నదే, ఆ మట్టితో చేసిన గిన్నెలో, కరెంటు ఓవెన్‌లో, మినపరొట్టె సమంగా కాలకపోవడమెందుకు? ఇంతే సంగతి. దీనికోసం మేము రెండు నెలలపాటు నిద్రలు కాచుకుని, సుమారు అయిదు కిలోల మినపప్పు ఖర్చుపెట్టి, ఒక మంచి గిన్నెను పగలగొట్టుకున్నామంటే మీరు నవ్వుతారు. నవ్వండి. కాని ముందు మా అత్తగారి సంగతి కొంచెం వినాలి.

మా అత్తగారిది తెనాలి దగ్గర పల్లె. 1962లో కొత్తకోడలిగా బెంగుళూరు చామరాజపేటలోని పెంకుటింటికి వచ్చారు. అప్పటికే మా మామగారి కుటుంబం ఈ ఊరు చేరి రెండు తరాలు దాటింది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా అందులో పావువంతు కన్నడం కలిసిపోయి ఉండేది. మొదటిరోజు వడ్డన చేస్తూంటే మామగారు విస్తరిమీద చెయ్యి అడ్డుపెట్టి “సాకు, సాకు” అన్నారట. కన్నడంలో ఆ మాటకు చాలునని అర్థం. కొత్తకోడలికి ఏం తెలుస్తుంది? తినడానికి ఈయన ఏదో సాకు చెబుతున్నారు కాబోలుననుకుని ఇంకో రెండు గరిటెలు వేసేశారట. ఈ కథ మా ఇంట్లో ప్రతి శుభకార్యానికీ ఒకసారి చెప్పుకోవడం ఆచారం.

ఆవిడ పుట్టింటినుంచి సారెతోపాటు తెచ్చుకున్నది ఒక దళసరి ఇత్తడి గిన్నె. ఎత్తితే చెయ్యి లాగేసేది. అందులోనే మినపరొట్టె. కొందరు దిబ్బరొట్టె అంటారు, పేరు ఏదైనా సరుకు ఒకటే. ఒక గ్లాసు మినపప్పు నాలుగు గంటలు నానబోసి మెత్తగా రుబ్బి, రెండు గ్లాసుల బియ్యపురవ్వ కడిగి పిండి అందులో కలిపి, ఉప్పూ జీలకర్రా వేసి ఉంచేవారు. కుంపటిమీద గిన్నె, గిన్నెలో నూనె, నూనె కాగాక మూడు వేళ్ళ మందాన పిండి, దానిమీద ఇనపరేకు, రేకుమీద నిప్పులు. ముప్పావుగంటకు ఇల్లంతా కమ్మటి వాసన కమ్ముకునేది. గిన్నె బోర్లిస్తే రొట్టె దిమ్మలా ఊడిపడేది. పైనా కిందా ఎర్రని పెచ్చు, లోపల తెల్లని మెత్తన. చెరుకుపానకంతో ఒక ముక్క, అల్లప్పచ్చడితో ఒక ముక్క తినేవాళ్ళం.

2011లో పెంకుటిల్లు అమ్మి అపార్టుమెంటుకు మారాము. అయిదో అంతస్తులో కుంపటెక్కడ, బొగ్గులెక్కడ? సామాను సర్దే బాధ్యత మా ఇద్దరిదీ. అటకమీద సామానంతా కిందకు దింపి, పనికివచ్చేవీ పనికిరానివీ అని రెండు కుప్పలు పోశాము. కుంపటి, రేకు, ఆ ఇత్తడి గిన్నె రెండో కుప్పలోకి వెళ్ళాయి. పాత సామాన్లవాడు తూకం వేసుకుని పోయాడు. ఆవిడ వరండాలో కుర్చీలో కూర్చుని చూస్తూనే ఉన్నారు, ఒక్కమాట అనలేదు. ఆనాడు మేము దాన్ని సమ్మతి అనుకున్నాము.

ఆ తరువాత పన్నెండేళ్ళు మా ఇంట్లో మినపరొట్టె లేదు. 2023 వర్షాకాలంలో ఆవిడ స్నానాలగదిలో జారిపడ్డారు. తుంటి ఎముకకు ఆపరేషను అయింది. ఎముక అతుక్కుంది గాని ఆకలి చచ్చిపోయింది. మనిషి ఆరు కిలోలు తగ్గిపోయారు. ఏది పెట్టినా రెండు మెతుకులు, ఆపైన చెయ్యి కడిగేసుకోవడం. డాక్టరుగారు మా ఇద్దరినీ పక్కకు పిలిచి, “పథ్యాలు పక్కన పెట్టండి. ఏది అడిగితే అది పెట్టండి. ఇంకా బరువు తగ్గనివ్వకండి” అన్నారు. ఏం తింటారు అత్తయ్యగారూ అని అడగ్గా అడగ్గా మూడోనాటికి ఆవిడ నోటినుంచి వచ్చిన మాట: “మినపరొట్టె.”

ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాము. ఆ చూపులో ఏమున్నదో మీకు విడమర్చి చెప్పనక్కరలేదు.

ముందు గ్యాసుమీద ప్రయత్నించాము. దళసరి మూకుడులో పిండి పోసి, మూతపెట్టి, సన్నని సెగమీద ఉంచి, అడుగు ఎర్రబడ్డాక తిరగేశాము. చూడడానికి బాగానే ఉన్నది. ఆవిడ ఒక ముక్క విరిచి చూసి, “తిరగేస్తే అట్టవుతుందమ్మాయ్, రొట్టె కాదు” అన్నారు. మాట నిజమే. తిరగేసేటప్పుడు బరువుకు లోపలి మెత్తన అణిగిపోయి గట్టిపడుతుంది. పైనుంచీ కిందనుంచీ ఏకకాలంలో వేడి తగలాలి. పైనా కిందా కడ్డీలున్న ఓవెన్ మా ఇంట్లో ఉన్నది. మాలో చిన్నది అందులో కేకులు చేస్తుంది, పేరు కూడా తెచ్చుకుంది. గిన్నె కూడా ఉన్నది: మాలో పెద్దదాని కూతురు పుణెలో ఉద్యోగంలో చేరి, మొదటి జీతంతో తల్లికి కొన్న బహుమతి. బయట గోధుమరంగు, లోపల తెలుపు మెరుగుపూత, పదకొండు అంగుళాల వెడల్పు. జాడీలాగే బరువు, జాడీలాగే ముద్దు. ఇంకేం కావాలి?

మొదటి రొట్టె ఒక ఆదివారం సాయంత్రం పెట్టాము. ఓవెన్‌తో వచ్చిన పుస్తకంలో ఉన్నట్టు 180 డిగ్రీలు, నలభై నిమిషాలు. తలుపు తీస్తే పైన చక్కని ఎరుపు. అంచులు ఎరుపు దాటి నలుపు. సంతోషించి కత్తి దించామో లేదో, నడుమ పిండి జారుగా బయటికి వచ్చింది. అడుగు చూస్తే తెల్లగా, చెమటపట్టి ఉన్నది. అత్తగారు పళ్ళెంలోకి వంగి చూశారు. “ఇడ్లీకి కోటు తొడిగినట్టుందే” అన్నారు. ఆరోజు ఆవిడ తిన్నది పాలు మాత్రమే.

అక్కడినుంచి మా పరిశోధన మొదలు. ఇంట్లో ఒక మేష్టారున్నారు. మాలో చిన్నదాని భర్త. కాలేజీలో ఫిజిక్సు చెప్పి రిటైరయ్యారు. ఇంట్లో అందరమూ మేష్టారనే పిలుస్తాము, భార్యతో సహా. మేము మొదట తప్పును ఊరిమీదికి నెట్టాము. బెంగుళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకుపైన ఉన్నది, ఇక్కడ నీళ్ళు నూరు డిగ్రీలకు కాక 97 దగ్గరే మరుగుతాయి, అందుకే నడుమ ఉడకలేదని మా వాదన. మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “మూడు డిగ్రీలకోసం ఊరిని తిట్టకండి. చామరాజపేటలో అమ్మ చేసినప్పుడు ఊరు కిందికి దిగివచ్చిందా?” అన్నారు. అక్కడితో ఆ వాదన వదిలేశాము.

తరువాత ఆయన గిన్నెను తూచమన్నారు. రెండు కిలోల రెండువందల గ్రాములు. చిన్నది కేకు చేసే అల్యూమినియం డబ్బా రెండువందల గ్రాములు. అంటే పదకొండింతలు. గ్రాముకు గ్రాము చూస్తే వేడెక్కడానికి ఈ మట్టికీ అల్యూమినియానికీ కావలసిన వేడిలో పెద్ద తేడా లేదట. కాని బరువు పదకొండింతలైతే అది తాగే వేడీ ఇంచుమించు పదకొండింతలే. కాగితంమీద లెక్కవేసి చూపించారు: ఆ గిన్నె ఒక్కటీ గది వేడినుంచి 180 డిగ్రీలకు చేరడానికి, ఒక లీటరు చన్నీళ్ళు మరగడానికి ఎంత వేడి కావాలో సుమారు అంతా కావాలి. “మీ రొట్టె కాలడానికి ముందు ఓవెన్ ఒక లీటరు నీళ్ళు కాస్తున్నదన్నమాట” అన్నారు.

అదొక్కటే కాదు. అల్యూమినియంలో వేడి ఒకచోటినుంచి ఇంకొకచోటికి ఎంత జోరుగా పోతుందో, ఈ మట్టిలో దానికి నూరోవంతు కూడా పోదు. కింది కడ్డీ వేడి అర అంగుళం మందపు అడుగును దాటి పిండిని చేరేటప్పటికి, పై కడ్డీ వేడి ఏ అడ్డూ లేకుండా నేరుగా పిండిమీద పడి పని ముగించేస్తుంది. పైన ఎరుపు, అడుగున తెలుపు అందుకే. కేకు నలభై నిమిషాల్లో అవుతుందని పుస్తకం రాసినవారు పలచని డబ్బాను దృష్టిలో పెట్టుకుని రాశారు. జాడీమట్టి గిన్నె అయితే వేడి పది పదిహేను డిగ్రీలు తగ్గించి, కాలం కనీసం పావువంతు పెంచుకోవాలి. ఇది ఆ తరువాత మేము కేకుతో కూడా చేసి చూసుకున్న మాట.

సరే, అడుగు సంగతి అర్థమైంది. అంచులు మాడడమెందుకు? దానికి మేష్టారు అక్కరలేకపోయింది. గిన్నెను ఓవెన్‌లో పెట్టి టేపుతో కొలిస్తే, అటూ ఇటూ గోడలకు ఒక్కొక్క వేలు సందు మాత్రం ఉన్నది. లోపలి వేడిగాలి తిరగడానికి దారే లేదు. కాలిన గోడల పక్కన ఆనుకుని కూర్చున్న అంచు మాడకేం చేస్తుంది? చుట్టూ రెండు అంగుళాలైనా ఖాళీ ఉండాలి. పెద్ద గిన్నె చిన్న ఓవెన్‌లో పట్టడం వేరు, కాలడం వేరు. దుకాణంలో మనం చూసేది పడుతుందా అనేదే.

ఇక ఓవెన్ చెప్పే మాటలో నిజమెంత? చక్కెర సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ఒక రేకుమీద చెంచాడు చక్కెర పోసి, ఓవెన్ ముల్లు 175 దగ్గర పెట్టి పావుగంట ఉంచితే అది కరగకూడదు. 190 దగ్గర పెడితే కరగాలి. మా ఓవెన్‌లో 190 దగ్గర చక్కెర చెక్కుచెదరలేదు. 210కి తిప్పితేగాని కరగలేదు. అంటే ముల్లు ఇరవై డిగ్రీలు అబద్ధం చెబుతున్నది. ఆ తరువాత ఓవెన్ లోపల పెట్టే థర్మామీటరు ఒకటి తెప్పించాము, అదీ ఇదే చెప్పింది. మరొకటి కూడా చూపించింది: లోపలి వేడి ఒకచోట నిలవదు. కడ్డీలు ఆరినప్పుడు పడిపోతుంది, వెలిగినప్పుడు ఎగబాకుతుంది. ఇది అన్ని ఓవెన్‌లకూ ఉన్నదే, జబ్బు కాదు. అన్నట్టు ఈ విషయంలో జాడీమట్టి మనకు మేలే చేస్తుంది. ఒకసారి వేడెక్కిందంటే ఆ ఎగుడుదిగుళ్ళు పిండిదాకా రానివ్వదు.

మాలో పెద్దది ఇంకో పరీక్ష పెట్టింది. ఓవెన్ జాలీనిండా రొట్టెముక్కలు, అదే, బేకరీ బ్రెడ్డు, పక్కపక్కన పేర్చి పది నిమిషాలు కాల్చింది. తీసి బల్లమీద అదే వరసలో పెడితే ఓవెన్‌కు పటం గీసినట్టయింది. ఎడమచేతివైపు వెనకమూల నల్లగా, ముందు అద్దం తలుపు దగ్గర పాలిపోయి, నడుమ సమంగా. ఆ పటం చూశాక, సగం కాలిన తరువాత గిన్నెను ఒకసారి వెనకది ముందుకు వచ్చేట్టు తిప్పడం నియమం చేసుకున్నాము. ఆ బ్రెడ్డంతా మేష్టారు కాఫీతో తినేశారు.

వోల్టేజి సంగతి కూడా చెప్పాలి. మా అపార్టుమెంటులో సాయంత్రం ఏడింటికి అందరూ ఒకేసారి గీజర్లు, ఏసీలు వేస్తారు. అప్పుడు 230 ఉండవలసిన వోల్టేజి 200కి దిగుతుంది. తగ్గింది కొద్దే కదా అనుకుంటాము. కాని కడ్డీ ఇచ్చే వేడి వోల్టేజి వర్గాన్నిబట్టి ఉంటుంది. 230కి 200 అయితే వేడిలో నాలుగోవంతు పోతుంది. మా మొదటి రొట్టె ఆదివారం సాయంత్రం ఏడింటికి పెట్టిందే. తరువాత పనంతా మధ్యాహ్నం మూడింటికి మార్చాము. ఇది మీ ఊళ్ళో, మీ వీధిలో ఎలా ఉంటుందో మీరే చూసుకోవాలి.

ఇంత జ్ఞానం సంపాదించాక మేము చేసిన ఘనకార్యం వినండి. అడుగు తెల్లబోతున్నదంటే గిన్నె వేడెక్కకముందే పిండి పోస్తున్నామన్నమాట. అయితే గిన్నెను ముందే కాల్చితే సరి! అత్తగారు కూడా కాగిన నూనెలోనే కదా పిండి పోసేవారు? ఈ ఆలోచన ఇద్దరిలో ఎవరికి వచ్చిందో ఇప్పుడు ఇద్దరికీ జ్ఞాపకం లేదు. ఖాళీ గిన్నెను అరగంటసేపు ఓవెన్‌లో కాల్చి, బయటికి తీసి, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన పిండిని ఒక్కసారిగా పోశాము. టప్పుమని శబ్దం. గిన్నె అడ్డంగా రెండు ముక్కలు. పిండి బల్లమీదినుంచి నేలకు, నేలమీదినుంచి సోఫా కిందికి.

పిల్ల మొదటి జీతం. మాలో పెద్దది ఏమీ అనకుండా చీపురు తెచ్చింది. చిన్నది ఏడ్చింది. ముప్పై నాలుగేళ్ళలో ఆరోజు ఒక్కరోజు మా ఇద్దరిమధ్య మాటలు తగ్గాయని ఒప్పుకోవాలి. అయితే మరునాడు ఇద్దరమూ ఒకే ప్రశ్నతో మేష్టారి దగ్గరికి వెళ్ళాము. ఈ గిన్నెను కొలిమిలో 1200 డిగ్రీలకు పైన కాల్చి చేస్తారు గదా, రెండువందల దగ్గర పగలడమేమిటి?

ఆయన సమాధానం: వేడికి కాదు అది పగిలింది, తొందరకు. కొలిమిలో గంటల తరబడి కొంచెం కొంచెంగా వేడెక్కిస్తారు, అంతే నెమ్మదిగా చల్లారుస్తారు. గిన్నె అంతా కలిసి సాగుతుంది, అంతా కలిసి ముడుచుకుంటుంది. మీరు చల్లని పిండి పోసినచోట లోపలివైపు ఒక్కసారిగా ముడుచుకోబోయింది. దాని బయటివైపు ఇంకా సాగే ఉన్నది. ఇత్తడి అయితే ఆ లాగుడుకు కాస్త ఒంగి సర్దుకుంటుంది. మట్టికి ఒంగడం తెలియదు.

ఈ మాటలు పక్కగదిలో మంచంమీదున్న అత్తగారి చెవిని పడ్డాయి. అక్కడినుంచే కేకేశారు: “ఊరగాయ పోపు చల్లారకుండా జాడీలో పోస్తారటర్రా?”

మేమిద్దరం గుమ్మంలో నిలబడిపోయాము. పోపు నూనె పూర్తిగా చల్లారాకే జాడీలోకి వంచాలని మాకు తెలియదా? పెళ్ళయిన మొదటి వేసవిలోనే ఈవిడే నేర్పారు. ఏటా చేస్తున్నాము. అదే మన్ను, అదే మెరుగుపూత. ఓవెన్ అనే పేరు తగిలేసరికి ఆ తెలివి అటకెక్కింది. ఇంకా సిగ్గుచేటు, రెండు నెలలుగా చక్కెరనూ థర్మామీటరునూ బేకరీ బ్రెడ్డునూ అడిగాము. ఏళ్ళ తరబడి ఆ రొట్టె కాల్చిన మనిషి పక్కగదిలో ఉంటే ఆవిడను అడగలేదు. ఒంట్లో బాగాలేని మనిషిని విసిగించడమెందుకని అనుకున్నాము. అనుకున్నామని చెప్పుకుంటున్నాము.

ఆ మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని అడిగాము. ఆవిడ చెప్పింది ఎక్కువేమీ లేదు. ముందు అడుగు, తరువాత నెత్తి. పిండి పోయగానే రేకుమీద నిప్పులు వేయరట. కింది సెగతో అడుగు పెచ్చుకట్టి, గిన్నె అంచున పిండి బిగుసుకుని, నూనె చిటపట తగ్గాక అప్పుడు పైన నిప్పులు. మేము అన్నాళ్ళూ వంటింట్లో తిరుగుతూ ఉండికూడా రేకునూ నిప్పులనూ చూశాము గాని, అవి ఎప్పుడు వేస్తున్నారో చూడలేదు. పిండి సంగతి కూడా అడిగారు. ఫ్రిజ్‌లో పెట్టామని చెబితే, “చలికాలం పిండి చేతికి చల్లగా తగిలితే పొయ్యి దగ్గర పెట్టుకోవాలి” అన్నారు. తరువాత రాచిప్ప సంగతి చెప్పారు. పుట్టింట్లో పులుసు రాచిప్పలోనే కాచేవారట. కొత్త రాచిప్పకు ఆముదం, పసుపు పట్టించి, రోజూ వేడి గంజి పోసి ఉంచి, వారం పదిరోజులు అలవాటు చేశాకే పొయ్యెక్కించేవారట. “రాయికి కూడా కొత్త ఉంటుందమ్మా” అన్నారు.

లేచి వస్తూంటే అన్నారు, గోడవైపు తిరిగి: “ఆ ఇత్తడి గిన్నెకు ఆ ఏడే కళాయి పెట్టించాను.”

పన్నెండేళ్ళ తరువాత ఆ గిన్నెను గురించి ఆవిడ అన్న మొదటి మాట అదే. మేము ఏమనగలం? చిన్నది కాళ్ళదగ్గర కూర్చుండిపోయింది. పెద్దది వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

శివాజీనగర్ దగ్గర ఒక పింగాణీ దుకాణంలో ఎనిమిది అంగుళాల గిన్నె దొరికింది. ఈసారి టేపు పట్టుకుని వెళ్ళాము. ఇత్తడిదే కొనవచ్చు గదా అని మీరు అడగవచ్చు. వెతికాము. దొరికినవన్నీ పలచనివి, కళాయి పెట్టేవారు అంతకంటే అరుదు. అదీగాక పగిలినదాని అప్పు దాని జాతితోనే తీర్చుకోవాలనే పంతం కూడా ఉన్నదేమో.

ఇప్పుడు మేము చేసే పద్ధతి ఇది. పిండి పొద్దున్నే ఫ్రిజ్‌లోంచి తీసి గది వేడికి రానిస్తాము. చలిరోజైతే గోరువెచ్చని నీళ్ళ పళ్ళెంలో పాత్రను ఉంచుతాము. గిన్నె పూర్తిగా పొడిగా ఉండాలి. తడిగుడ్డతో తుడిచి వెంటనే వాడము. నూనె కాస్త ధారాళంగానే రాసి, పిండి రెండు వేళ్ళ మందాన పోస్తాము. మూడు వేళ్ళు ఇత్తడికి చెల్లింది గాని దీనికి చెల్లదు, నడుమ పచ్చి మిగులుతుంది. ఓవెన్ చల్లగా ఉండగానే గిన్నె లోపల పెడతాము, కిందినుంచి రెండో మెట్టుమీద. రెండూ కలిసి వేడెక్కుతాయి. ముందు అరగంట కింది కడ్డీ ఒక్కటే. తరువాత గిన్నెను ముందువెనకలుగా తిప్పి, రెండు కడ్డీలూ వేసి ఇంకో పాతిక నిమిషాలు. నడుమ చీపురుపుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు, కాని ఒకటి రెండు పలుకులు అంటితే ఫరవాలేదు. ఓవెన్ ఆర్పేసి పది నిమిషాలు అందులోనే వదిలేస్తాము. ఆ బరువైన గిన్నె తాగిన వేడి ఇప్పుడు అక్కరకు వస్తుంది, మిగిలిన పచ్చి అదే తీరుస్తుంది. పూర్తిగా కాలేదాకా ఉంచి తీస్తే మాత్రం బల్లమీదికి వచ్చాక కూడా కాలుతూనే పోయి ఎండిపోతుంది. తీసిన గిన్నెను రాతి గట్టుమీద పెట్టవద్దు. చెక్కమీదో మడతపెట్టిన పాతబట్టమీదో పెట్టండి. ఈ ఒక్క మాటకు మా దగ్గర రెండు ముక్కల సాక్ష్యం ఉన్నది.

కార్తీకమాసంలో ఒకరోజు మధ్యాహ్నం, మేష్టారు వోల్టేజి మీటరు చూసి సరేనన్నాక పెట్టాము. నలభై నిమిషాలకు వాసన మొదలైంది. పక్కగదిలో మంచం కిర్రుమన్నది. కర్ర పట్టుకుని, ఎవరినీ పిలవకుండా, ఆవిడ లేచి వంటింటి గుమ్మందాకా వచ్చేశారు. ఆపరేషను తరువాత అంతదూరం ఒంటరిగా నడవడం అదే మొదలు. అరిస్తే తూలుతారేమోనని మేమిద్దరమూ ఊపిరి బిగపట్టి నిలబడ్డాము.

గిన్నె బోర్లించాము. దిమ్మ ఊడిపడింది. అడుగు ఎరుపే. ఎడమ వెనకమూల ఇప్పటికీ కొంచెం నలుపు తిరుగుతుంది, ఆ ముక్క మేష్టారిదని ఒప్పందం. ఆవిడ కుర్చీలో కూర్చుని, వేలితో పెచ్చుమీద కొట్టి చూశారు, కొబ్బరికాయను చూసినట్టు. పానకంతో ఒక ముక్క తిన్నారు. అల్లప్పచ్చడితో ఇంకొకటి. ఉప్పు తక్కువైందన్నారు. పెచ్చు పళ్ళకు లొంగక కాఫీలో ముంచుకుని తిన్నారు. మేము మరో ముక్క పళ్ళెంలో పెట్టబోతే చెయ్యి అడ్డుపెట్టి, “సాకు, సాకు” అన్నారు.

అన్నవారు అంతటితో ఊరుకోలేదు. కర్ర అందుకుని లేస్తూ, రేపటికి పప్పు నానబోశారా అని అడిగారు.